మరక లేని నోటుబుక్కు

పోయినవారం మన టీచరమ్మను స్టాఫ్ రూములో, నలభై ఒక్క నోటుబుక్కుల ముందు, ఉన్న మనిషిని ఉన్నట్టే వదిలేసి వచ్చాం. అది మర్యాద కాదని నాకూ తెలుసు. ఆమె చేతిలో ఉన్న పుస్తకం అలాంటిది మరి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. నాలుగో తరగతి టీచరమ్మకు పందొమ్మిదేళ్ళ సర్వీసు. ఆమె క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందని బడంతా చెప్పుకుంటుంది, ఆ మాట ఆమె చెవిన పడినప్పుడు విననట్టే నటిస్తుంది. ఆరు నెలల క్రితం ఆ క్లాసులోకి గువ్వ వచ్చింది. అది పిల్లలు పెట్టిన ముద్దుపేరు. మాటలు పెద్దగా రాని పిల్ల, చప్పుడెక్కువైతే రెండు చెవులూ మూసుకుని బల్లకిందికి దూరిపోయే పిల్ల. ఊరి అవతల ఇలాంటివాళ్ళకు వేరే బడి ఉంది, అందులో వెయ్యమని చెప్పనివాళ్ళు లేరు. గువ్వ తల్లి మాత్రం ఇక్కడే చదవాలని పట్టుబట్టింది. చివరికి పెద్దమేడం, అంటే ఈ బడి హెడ్మిస్ట్రెస్, షరతు మీద ఒప్పుకుంది. ఇంటి మనిషి ఒకరు క్లాసులో పక్కన కూర్చోవాలి, ఆరు నెలల తర్వాత ప్రగతి చూసి ఉంచాలో పంపాలో తేలుస్తాం అని. తల్లికి మిల్లులో షిఫ్టులు. అందుకని అమ్మమ్మ వచ్చి కూర్చుంది, అరవై రెండేళ్ళ వయసులో నాలుగో తరగతిలో.

ఆరు నెలలూ అయిపోయాయి. బుధవారం సమావేశం, విద్యాశాఖ అధికారి కూడా వస్తారు. "చూసి రాయడంలో మంచి ప్రగతి" అని రిపోర్టు రాసి, సంతకం పెట్టి, పెద్దమేడం చేతికిచ్చి టీచరమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడు, కొత్తగా వచ్చిన స్పెషల్ టీచరు, వారానికి రెండు రోజులు వచ్చి గువ్వను వరండాలో కూర్చోబెట్టుకుని పూసలు గుచ్చించే అమ్మాయి, బస్సుకు పరిగెడుతూ ఒక మాట అనేసిపోయింది. "గువ్వది ఎడమచేతివాటం కదండీ. క్లాసులో ఎలా రాస్తోంది?"

ఎలా రాస్తోంది? టీచరమ్మ గువ్వ నోటుబుక్కు తీసింది. పందొమ్మిదేళ్ళుగా పుస్తకాలు దిద్దిన కళ్ళవి. ఎడమచేత్తో పెన్సిల్ పట్టే పిల్లల పేజీ ఎలా ఉంటుందో ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. రాసిన అక్షరం మీదుగానే చెయ్యి జరుగుతుంది కాబట్టి పేజీ అంతా బూడిదరంగు మరకలు పడతాయి, చేతి అంచు నల్లబడుతుంది. గువ్వ పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క మరక కూడా లేదు.

అక్కడ ఆపాం. ఇక సోమవారం ఉదయానికి రండి.

టీచరమ్మ గంట కొట్టడానికి నలభై నిమిషాల ముందే వచ్చింది. శని, ఆదివారాలు ఇంట్లో ఏం చేసిందని అడక్కండి. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికిందని, భర్త ఏమైందని అడిగితే ఏమీ లేదని మూడుసార్లు చెప్పిందని మాత్రం తెలుసు. క్లాసు ఖాళీగా ఉంది. బోర్డు మీద శుక్రవారం తేదీ అలాగే ఉంది. గువ్వ కూర్చునే బెంచీ ఎడమవైపు వరసలో, గోడకు ఆనించి ఉన్న మూల బెంచీ. ఆ చోటు టీచరమ్మే ఎంచింది. అటూ ఇటూ తిరిగే పిల్లల రాపిడి ఉండదని, మూలైతే కుదురుగా ఉంటుందని, గోడవైపు పాప, ఇవతలివైపు అమ్మమ్మ అని మొదటిరోజే నిర్ణయించేసింది. ఎంత బాగా ఆలోచించానో అని ఆరోజు తనను తానే మెచ్చుకుంది కూడా.

ఇప్పుడు చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఆ బెంచీలోకి దూరింది. తొమ్మిదేళ్ళ పిల్లల కొలతకు చేసిన బెంచీలోకి నలభై నాలుగేళ్ళ మనిషి దూరడం చూసేవాళ్ళకు నవ్వు తెప్పించే సంగతే. మోకాళ్ళు బల్ల అడుగుకు తగిలాయి. గోడవైపుకు జరిగి, నోటుబుక్కు ముందు పెట్టుకుని, పెన్సిల్ ఎడమచేత్తో పట్టుకుంది. గీత మొదలుపెట్టబోతే మోచెయ్యి వెళ్ళి గోడకు కొట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తగిలింది. చెయ్యి ముడుచుకుంటే పెన్సిల్ కదలదు, చాపితే గోడ అడ్డం.

గోడ మీద, సరిగ్గా పిల్ల మోచెయ్యి ఆనే ఎత్తులో, సున్నం అరచేతి మేర రాలిపోయి ఉంది. ఆరు నెలలుగా అక్కడ ఒక చెయ్యి కదలాలని చూస్తూ ఉందన్నమాట. ఆమె అలా కూర్చుని ఉండగానే పిల్లలు రావడం మొదలైంది. "టీచర్, మీరు మా క్లాసులో చేరారా?" అని ముందొచ్చిన పిల్ల అడిగింది. టీచరమ్మ లేచి బట్టలకంటిన సున్నం దులుపుకుంది.

ఇంటర్వెల్ గంట మోగేదాకా ఆమె గువ్వ బెంచీ వైపు నేరుగా చూడలేదు, ఓరగా చూసింది. చూడదల్చుకుంటే ఎంత తేలిగ్గా కనిపిస్తుందో ఆరోజు తెలిసింది. అమ్మమ్మ కుడిచేతిలో పెన్సిల్. గువ్వ కుడిచెయ్యి ఆమె చేతికింద కాసేపుండి, మెల్లగా బయటికి జారి, ఒళ్ళోకి వెళ్ళిపోయింది. పెన్సిల్ మాత్రం ఆగకుండా బోర్డు మీది పాఠం చూసి రాసుకుంటూ పోతూనే ఉంది. రాస్తున్నంతసేపూ అమ్మమ్మ నాలుక కొస పెదవుల మధ్య బయటికి వచ్చి ఉంది.

పిల్లలు బయటికి పరిగెత్తారు. గువ్వ కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడింది. "అమ్మమ్మగారూ, మీరుండండి" అంది టీచరమ్మ.

అమ్మమ్మ లేవబోయి కూర్చుంది. క్లాసు పిల్లలందరికీ ఆమె అమ్మమ్మే. ఎక్కాలు అప్పగించేటప్పుడు అందరికంటే గట్టిగా ఆమె గొంతే వినిపించేది. ఇప్పుడా గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఏంటి టీచరమ్మా?"

"ఈ పుస్తకంలో రాసింది ఎవరు?"

"పాపే."

"అమ్మమ్మగారూ."

అమ్మమ్మ పుస్తకం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. ఆ చేతులు ముప్పై ఏళ్ళు ఒక టైలరు షాపులో కాజాలు కుట్టిన చేతులు. మనవరాలి కోసం ఆ పని మానేసి వచ్చింది.

"మొదట్లో చెయ్యి పట్టుకుని రాయించానమ్మా. నిజంగా. ఒక నెలో, నెలన్నరో. తర్వాత చెయ్యి లాగేసుకునేది. పట్టుకుంటే ఏడ్చేది. ఏడిస్తే మీరు ఇటు చూస్తారని భయం. పేజీ ఖాళీగా ఉంటే పంపించేస్తారని ఇంకో భయం. అందుకని నేనే..." ఆగిపోయింది.

"పాప ఎడమచేతివాటం అని మీకు తెలీదా?"

"తెలీకపోవడమేంటమ్మా! ఇంట్లో అన్నీ ఎడమచేత్తోనే. చెంచా అదే, దువ్వెన అదే. కానీ ఇక్కడ నలభై మందీ కుడిచేత్తోనే రాస్తున్నారు గదా. బడి పద్ధతి అంతేనేమో అనుకున్నా. అయినా ఆ చెయ్యి గోడవైపుంది. నాకు అందదు."

టీచరమ్మకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేదు గానీ, ఎదురుగా ఉన్నది అమ్మమ్మ కాబట్టి ఆమె మీదే పడింది. "ఒక్కసారి చెప్పొచ్చు కదా నాతో! ఆరు నెలలు! నేను ప్రతివారం దిద్దుతున్నాను. బాగుంది, బాగుంది అని రాస్తున్నాను. రిపోర్టు కూడా ఇచ్చేశాను. మీరు నన్ను మోసం చేశారనుకోవాలా, నేనేమీ చూడనిదాన్ననుకోవాలా?"

అమ్మమ్మ పుస్తకం తన ముందుకు లాక్కుని, నాలుగో పేజీ తీసి, దాని పక్కన చివరి పేజీ పెట్టింది. నాలుగో పేజీలో అక్షరాలు తాగినవాళ్ళలా తూలుతున్నాయి. చివరి పేజీలో ఎంచక్కా గీత మీద వరసగా కూర్చున్నాయి. దాని కింద టీచరమ్మ చేతిరాతే, ఎర్రసిరాతో, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. శభాష్!"

"నేను రెండో తరగతిలో మానేశానమ్మా" అంది అమ్మమ్మ, తల ఎత్తకుండా. "షాపులో బట్టలకు పేర్లు రాసి చీటీలు కుట్టాలి. నాకు రాయడం రాదని ఎవరికీ తెలీనివ్వలేదు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ముడేసి గుర్తు పెట్టుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక, మీరు బోర్డు మీద రాస్తుంటే చూసి, పాప పేరు చెప్పుకుని... మీరు శభాష్ అని రాసినరోజు ఆ మాట నాకేనని తెలుసు. ఇంటికెళ్ళి మా అమ్మాయికి మాత్రం పాపకిచ్చారని చెప్పా. ఆ రాత దానికి చూపిస్తే అది ఎంత సంతోషపడిందో! ఆ తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు."

ఇంతకీ టీచరమ్మ రిపోర్టులో రాసింది అబద్ధం కాదు. మంచి ప్రగతే. ఓనమాలు మరిచిపోయిన మనిషి ఆరు నెలల్లో పాఠం చూసి రాసే స్థాయికి వచ్చింది. పేరు మాత్రం తప్పు పడింది. టీచరమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, రెంటినీ మింగి, బెంచీ అంచున కూర్చుంది.

"బాగానే నేర్చుకున్నారు" అంది చివరికి.

"మీరే నేర్పారు టీచరమ్మా."

"అవును. మీకు నేర్పాను. పాపకే నేర్పలేదు."

ఇద్దరూ కిటికీ దగ్గరి పిల్లను చూశారు. "పంపించేస్తారా అమ్మా?" అని అడిగింది అమ్మమ్మ. టీచరమ్మ లేచి, బెంచీ పట్టుకుని ఇవతలికి లాగింది. అమ్మమ్మ రెండోవైపు పట్టుకుంది. కాజాలు కుట్టినావిడ బలం తక్కువేమీ కాదు. గోడకూ బెంచీకీ మధ్య ఒక మనిషి నడిచేంత దారి ఏర్పడింది.

ఇంటర్వెల్ తర్వాత టీచరమ్మ అమ్మమ్మను చివరి బెంచీకి పంపించింది. గువ్వ తన చోటుకు వచ్చి, పక్కన ఖాళీ చూసి, వెనక్కి తిరిగి అమ్మమ్మను వెతుక్కుని, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. టీచరమ్మ బోర్డు మీద పాఠం రాయబోయింది. సుద్దముక్క అలాగే గాల్లో ఆగింది. చూసి రాయడం తప్ప ఈ పిల్లకు తను ఇచ్చిన పని ఇంకొకటి ఏదైనా ఉందా అని మొదటిసారి అనిపించింది. సుద్దముక్క పెట్టెలో పడేసింది.

"ఇవాళ ఎవరూ చూసి రాయద్దు. కిటికీలోంచి బయటికి చూడండి. కనిపించేదాంట్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, గీయండి. అందరూ."

నాలుగో తరగతిలో ఇలాంటి వింత ఎప్పుడూ జరగలేదు. కాసేపు గుసగుసలు, తర్వాత పెన్సిళ్ళ చప్పుడు. గువ్వ ముందు కొత్త కాగితం, పెన్సిల్ పెట్టి టీచరమ్మ పక్కన నిలబడింది. గువ్వ కదల్లేదు. స్పెషల్ టీచరు మొదటిరోజే చెప్పింది, సాయానికి చెయ్యి చాపేముందు ముప్పై లెక్కపెట్టండి అని. అప్పుడు టీచరమ్మ తలూపి, ఈ చిన్నపిల్ల నాకు చెప్పొచ్చిందని లోపల అనుకుంది. ఇప్పుడు లెక్కపెట్టింది. ముప్పై అయింది. ఏమీ జరగలేదు. పెన్సిల్ తీసి ఆ వేళ్ళ మధ్య పెడితే సరిపోతుంది కదా అని చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఆ చేతిని వెనక్కి లాక్కుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంది. రెండో ముప్పై. వెనక బెంచీలో అమ్మమ్మ లేవబోతే కళ్ళతోనే కూర్చోబెట్టింది. మూడో ముప్పైలో ఇరవై రెండు దగ్గర గువ్వ చెవి మీంచి ఎడమచెయ్యి దించింది. పెన్సిల్ తీసుకుంది.

నిలువుగా ఒక గీత. దాని పక్కన ఇంకొకటి. వంకర టింకరగా, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నాలుగు గీతలయ్యాక కాస్త ఎడం వదిలి మళ్ళీ మొదలుపెట్టింది. మొత్తం పదకొండు. గీతల మీదుగా చెయ్యి పాకి కాగితం నిండా బూడిదరంగు పూసింది. పెన్సిల్ కింద పెట్టి, తిరిగి చెవులు మూసుకుంది.

గీతలేగా, అనుకుంది టీచరమ్మ. మనసు కాస్త చిన్నబోయింది. అయినా అలవాటుగా కిటికీలోంచి చూసింది. ఎదురుగా బడి గేటు. ఇనప ఊచలు. లెక్కపెట్టింది. నాలుగు ఊచల తర్వాత ఒకటి ఊడిపోయి సందు ఉంది. తర్వాత ఏడు. పందొమ్మిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆ గేట్లోంచి నడుస్తూ ఆమె ఆ సందును ఎప్పుడూ చూడలేదు. ఈసారి కన్నీళ్ళు ఆగలేదు, పిల్లలు చూస్తున్నా తుడుచుకోలేదు.

మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని పెద్దమేడం గదిలోకి వెళ్ళింది. పెద్దమేడం కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని ఏవో ఫైళ్ళు చూస్తోంది.

"మేడం, శుక్రవారం ఇచ్చిన రిపోర్టు వెనక్కి కావాలి. నేను రాసింది తప్పు." జరిగింది జరిగినట్టు చెప్పింది. అమ్మమ్మను ఏమీ అనవద్దని రెండుసార్లు బతిమాలుకుంది.

పెద్దమేడం అంతా విని, కాగితం తీసుకుని చూసింది. "ఆరు నెలలకు పదకొండు గీతలా టీచర్ గారూ?"

"ఆరు నెలలకు కాదు మేడం. ఇవాళ పావుగంటకు. ఆ ఆరు నెలలూ నేను పాపను గోడకు ఆనించి కూర్చోబెట్టాను."

పెద్దమేడం మళ్ళీ చూసింది. వేలితో గీతలు లెక్కపెట్టింది. సందు దగ్గర వేలు ఆగింది. "మన గేటు. ఈ ఊచ ఊడి రెండేళ్ళయింది. బాగు చేయించమని పైకి రాసి రాసి నా చెయ్యి పడిపోయింది. ఒక్కరికీ పట్టలేదు" అంది. కాగితం బల్ల మీద పెట్టింది. "కానీ మీకు అర్థమవుతోందా? పిల్లను ఇక్కడ ఉంచడానికి నా దగ్గరున్న ఆధారం మీ రిపోర్టు ఒక్కటే. అది తీసేస్తే బుధవారం నేనేం చూపించను?"

"నిజం చూపిద్దాం మేడం."

పెద్దమేడం బీరువాలోంచి ఖాళీ ఫారం తీసి బల్ల మీద పెట్టింది. టీచరమ్మ నిలబడే నింపసాగింది. మధ్యలో ఒక గడి. "ప్రగతి లేకపోతే కారణం." పందొమ్మిదేళ్ళలో ఎందరు పిల్లల కాగితాల్లో ఆ గడి నింపిందో లెక్కలేదు. శ్రద్ధ లేదు, ఇంట్లో చదివించరు, మందబుద్ధి, ఇలా క్షణంలో రాసేసేది. ఇవాళ పెన్ను చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత రాసింది. "ఎడమచేతివాటం పిల్లను ఎడమవైపు గోడకు ఆనించి కూర్చోబెట్టింది నేను. ఆరు నెలలు పుస్తకం చూశాను, చెయ్యి చూడలేదు." కింద సంతకం పెట్టింది.

పెద్దమేడం చదివి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. గొంతులో కోపం లేదు, అదే టీచరమ్మను ఎక్కువ భయపెట్టింది.

"ఇది చదివాక బుధవారం వచ్చే అధికారి మొదట పిల్ల సంగతి అడగరు. మీ సంగతి అడుగుతారు. ఇలాంటి పిల్లను ఇంకా ఈ టీచరు దగ్గరే ఎలా ఉంచుతారని అడుగుతారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ క్లాసులో వెనక బెంచీలో కూర్చోండి, చూసి చెప్పండి అంటాను. అమ్మమ్మ ఉండకూడదు. స్పెషల్ టీచరు పక్కన నిలబడకూడదు. నలభై మందితో పాటు ఆ పిల్లకూ మీరు పాఠం చెప్పగలరని వాళ్ళకు కనిపించాలి. కనిపించకపోతే పాప అవతలి బడికి వెళుతుంది. మీరీ క్లాసు వదిలేస్తారు. ఒప్పుకుంటారా? ఇప్పుడైనా ఈ కాగితం చించెయ్యొచ్చు, పాతదే ఉంచుకోవచ్చు."

పాతది ఫైల్లోనే ఉంది, సంతకంతో సహా. టీచరమ్మ దాని వైపు చూసింది. తెలిశాక కూడా దాన్నే ఉంచితే అబద్ధం చెప్పినట్టే.

"కొత్తదే ఉంచండి మేడం" అంది.

బయట వరండాలో అమ్మమ్మ గువ్వ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పట్టుకున్నది ఎడమచెయ్యి. టీచరమ్మ మొహం చూడగానే, "ఏమన్నారమ్మా?" అంది.

"బుధవారం మీరు బడికి రావద్దు అమ్మమ్మగారూ. పాపను గేటు దాకా తీసుకొచ్చి వెళ్ళిపోండి."

"ఒక్కతేనా? పరీక్షలాంటిదేమో గదా, పాప ఒక్కతే ఎలా కూర్చుంటుంది?"

"పరీక్ష పాపకు కాదమ్మా. నాకు."

అమ్మమ్మ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. తెలుసుకుందామనే అడిగింది.

"మరి మీరు పాసవుతారా టీచరమ్మా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. బుధవారానికి మధ్యలో మంగళవారం ఒక్కటే ఉంది.